ఓడెక్కినవాళ్ళ ముద్ద

పెద్దల అమావాస్య నాడు మా పుట్టింట్లో ఒక ముద్ద ఎక్కువ పెట్టేవారు. పోయిన పెద్దలందరికీ పెరటి గోడ మీద వరసగా పెట్టి, ఈ ఒక్కటి మాత్రం గోడ అవతల, అరిటాకు ముక్కలో విడిగా పెట్టేది నాయనమ్మ. ఎవరికని అడిగితే "ఓడెక్కినవాళ్ళకి" అనేది. ఎవరు వాళ్ళు, ఎక్కడికెళ్ళారు, మళ్ళీ వచ్చారా అని ఆరా తీసే వయసు కాదు నాది. నా ధ్యాసంతా గారెల మీద ఉండేది. మా ఇంటివాళ్ళెవరో పాపం సముద్రం దాటి వెళ్ళి తిరిగి రాలేదు కాబోలు అనుకున్నాను. అలా అనుకోవడం బాగుంది కూడా. పెళ్ళయి కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో కాపురం పెట్టాక ఆ అలవాటు నాతోనే వచ్చింది. ఇంటి వెనక చెక్క డెక్ రెయిలింగ్ మీద ఇంటి పెద్దలకు, మెట్లు దిగి ఫెన్స్ పక్కన ఒక రాయి మీద ఓడెక్కినవాళ్ళకు. ఇక్కడ కాకులకన్నా ఉడతలు ముందొచ్చేవి. ఎవరు తింటే ఏం, చేరాల్సినవాళ్ళకు చేరుతుందిలే అని సరిపెట్టుకునేదాన్ని.

మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది. తెల్లావిడే గానీ ఇక్కడి మనిషి కాదు. పుట్టి పెరిగింది దక్షిణాఫ్రికాలో, నేటాల్ అనే చోట, సముద్రం ఒడ్డున. ఆవిడ ముత్తాత ఇంగ్లండు నుంచి వలస వెళ్ళి అక్కడ స్థిరపడ్డాడట. ఆవిడ ఒక అమెరికన్ ఇంజనీరును పెళ్ళి చేసుకుని కాలిఫోర్నియా వచ్చింది. భర్త పోయాడు, కొడుకు తూర్పు తీరంలో ఎక్కడో ఉద్యోగం. నన్ను పేరుపెట్టి పిలవమని ఎంత చెప్పినా, ఎనభై ఏళ్ళ మనిషిని పేరుపెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. "ఆంటీ" అనేదాన్ని. మొదట్లో నవ్వేది, తర్వాత పలకడం మొదలుపెట్టింది.

ఆర్థిక మాంద్యంలో నా ఉద్యోగం పోయింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నాది. ఇంకొకళ్ళు రాసినదాంట్లో తప్పులు పట్టుకోవడమే పని, ఆ పని నాకు పుట్టుకతో వచ్చిందని మావారి అభిప్రాయం. పొద్దున్నే ఆయన శాంటా క్లారాకి, అమ్మాయి హైస్కూల్‌కి వెళ్ళిపోయాక తుడిచిన గట్టునే తుడుస్తూ కూర్చునేదాన్ని. కిటికీలోంచి చూసి జాలిపడిందో ఏమో, ఒకరోజు ఆంటీ ఫెన్స్ దగ్గర నన్ను ఆపింది. తన కుటుంబ చరిత్రను పుస్తకంగా వేయించాలనుందని, ఫొటోలు స్కాన్ చేసి, ఇంటర్నెట్‌లో పాత రికార్డులు వెతికిపెట్టమని అడిగింది.

"నేను పోయాక మావాడు ఈ పెట్టెలన్నీ గరాజ్ సేల్‌లో పెట్టి అమ్మేస్తాడు," అంది.

సరేనన్నాను. తప్పులు పట్టే చెయ్యి అప్పటికే ఊరికే ఉండలేక కొట్టుకుంటోంది.

ఆవిడ ముత్తాతను పట్టుకోవడానికి ఆ చలికాలం అంతా సరిపోయింది. ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. ఆయన గొప్పింటి చిన్నకొడుకట, సాహసం కోసం ఓడెక్కాడట, వట్టి చేతులతో దిగి, అడవి కొట్టి, తన రెండు చేతులతో చెరుకు తోట వేసి, వరండా ఉన్న పెద్ద ఇల్లు కట్టాడట. వెతికితే గొప్పిల్లు ఎక్కడా దొరకలేదు. ఒక పల్లెటూరి వడ్రంగి కొడుకు. ఊళ్ళో పని లేక, పెళ్ళాన్నీ చంటిదాన్నీ వెంటబెట్టుకుని ఓడెక్కాడు. చంటిది దారిలోనే, సముద్రం మీదే పోయింది. గొప్పింటివాళ్ళు కారని తేలితే ఆవిడ నొచ్చుకుంటుందని నేను భయపడ్డాను. మా వైపైతే అలాంటి వార్త తెచ్చినవాళ్ళకి మంచినీళ్ళు కూడా ఇవ్వరు. వడ్రంగి అనగానే ఆవిడ సంబరపడింది. చంటిదాని సంగతి చెప్పాక మాత్రం నా చేతిలోంచి కాగితం తీసుకుని రెండుసార్లు చదివింది.

"ఈ పాప పేరు మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ తలుచుకోలేదు," అంది.

ఇక ఆ రెండు చేతుల సంగతి. కనుచూపు మేర చెరుకును ఒక్క మనిషి రెండు చేతులతో ఎలా నరికాడో నా టెస్టింగ్ బుర్రకి ఎక్కలేదు. మర్యాదకి పైకి అనలేదు. ఒకరోజు వరండా ఇంటి ఫొటో స్కాన్ చేసి స్క్రీన్ మీద పెద్దది చేశాను. మెట్ల మీద ఆవిడ తాత, నానమ్మ, వాళ్ళ పిల్లలు, కుక్కలు. ఒక చివర, స్తంభం పక్కన, తెల్ల పసివాణ్ణి చంకనెత్తుకుని ఒకావిడ నిలబడి ఉంది. పిక్కల పైకి బిగించి కట్టిన చీర, ముక్కుకి రెండు వైపులా పుడకలు, చేతి మీద పచ్చబొట్లు. మా ఊళ్ళో ఊడ్పులకు వచ్చే ఆడవాళ్ళు అచ్చం అలాగే ఉండేవారు.

"ఆంటీ, ఈవిడ మా వైపావిడ," అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసి, లేచి వెళ్ళి హాల్లోంచి ఒక ఇత్తడి చెంబు తెచ్చింది. నేనా ఇంటికి వెళ్ళినప్పుడల్లా అందులో గులాబీలు చూస్తూనే ఉన్నాను. పువ్వులు తీసి సింకులో పెట్టి, నీళ్ళు పారబోసి, చెంబు తుడిచి నా చేతికిచ్చింది. తోటలో పనికి ఇండియా నుంచి కూలీలను కాంట్రాక్టు మీద ఓడల్లో తెప్పించుకునేవారని, ఇది వాళ్ళెవరిదో అయి ఉంటుందని చెప్పింది. అది తన నానమ్మ ఇంట్లోంచి తనకు వచ్చిందట.

"చుట్టూ ఈ చుక్కలు డిజైన్ అనుకుంటూ వచ్చాం," అంది.

డిజైన్ కాదు. గిన్నె కొంటే దాని మీద పేరు కొట్టించుకోకపోతే మన ఆడవాళ్ళకి అది తమదనిపించదు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఒకరిది ఒకరి ఇంటికి పోకుండా సన్నటి ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిస్తారు. వేలితో తడుముతూ చదివాను. ఇంటిపేరు, పేరు, రెండూ ఉన్నాయి. ఆడమనిషి పేరు. తనకు చదువు రాకపోయినా ఎవరిచేతో కొట్టించుకుని ఉంటుంది. ఆ పేరు నేనిక్కడ రాయను. అది ఆమెది, ఆమెవాళ్ళు ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ళది. ఆ రోజు మాత్రం పైకి చదివాను. ఆంటీ కుర్చీలో కూలబడింది. ఆ పేరులో జీవితమంతా గులాబీలు పెట్టుకున్నానని ఏడ్చింది.

"మీవాళ్ళు కూడా ఎవరైనా అలా వెళ్ళారా?" అని అడిగింది.

ఓడెక్కినవాళ్ళ ముద్ద గురించి చెప్పాను. నాయనమ్మ, గోడ, అరిటాకు, అన్నీ. చెబుతుంటే నా గొంతు నాకే గంభీరంగా వినిపించింది. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది.

"మా వాళ్ళందరి తరఫునా అడుగుతున్నాను. నన్ను క్షమించగలవా?"

"అయ్యో, అదేం మాట ఆంటీ! పర్లేదు, పర్లేదు," అన్నాను.

ఇంగ్లీషులోనే అన్నాను గానీ అది మన పర్లేదే. ఆ మాట మనకెంత సులువో! కాలు తొక్కినా పర్లేదు, పెళ్ళికి పిలవడం మర్చిపోయినా పర్లేదు, కారుకి సొట్ట పెట్టినా పర్లేదు. లోపల ఎలా ఉన్నా నోరు దాని పని అది చేసుకుపోతుంది. వెళ్ళేటప్పుడు ఆవిడ చెంబు నా చేతుల్లో పెట్టి, ఇది మీది, ఇక్కడ ఉండకూడదు అంది. ఒకసారి వద్దని, రెండోసారి తీసుకున్నాను.

ఇంటికి తెచ్చి చింతపండుతో తోమాను. బంగారంలా మెరిసింది. దేవుడి గదిలో పెట్టాను. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపించేదాన్ని. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌కి వచ్చిన ఫ్రెండ్స్ చుట్టూ మూగి ఫొటోలు తీసుకున్నారు.

"అబ్బ, గూస్‌బంప్స్ వస్తున్నయే! గిది మీ ముత్తవ్వదా?" అని ఒకామె అడిగింది.

మొదటిసారి "మా వైపు వాళ్ళది" అన్నాను. ఇంకో రెండు పాట్‌లక్‌లు గడిచేసరికి అది "మా వాళ్ళది" అయింది. అన్యాయం జరిగినవాళ్ళ మనవరాలిగా ఉండటంలో ఒక హోదా ఉంది. ఉద్యోగం లేని మనిషికి హోదా తియ్యగానే ఉంటుంది. పైగా ఆంటీ కూడా కళ్ళముందే తేలికపడింది. ఆ రోజు నుంచి తనకు నిద్ర బాగా పడుతోందని నాతో ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఒక పెద్దావిడకు నిద్ర ఇచ్చానని నేను కాస్త పొంగిపోయాను కూడా.

పుస్తకం పూర్తి కావచ్చింది. చివరి పేజీలో నా గురించి, మా ఇంటి ముద్ద గురించి ఆవిడ నాలుగు మాటలు రాసింది. మా ఇంట్లో ఓడెక్కిన మనిషి పేరు కనుక్కుని చెప్పమంది. వాళ్ళ ముత్తాత పేరుతో మొదలైన పుస్తకం ఆ పేరుతో ముగియాలని ఆవిడ కోరిక. నాయనమ్మ ఎప్పుడో పోయింది. ఆ సంగతులు తెలిసింది విజయనగరంలో ఉన్న మా పెదనాన్న ఒక్కడే. ఫోన్ చేశాను. నాకు ఉదయం కాఫీ వేళ, ఆయనకి రాత్రి భోజనం వేళ.

"పెదనాన్నా, మనింట్లో ఓడెక్కి వెళ్ళిపోయిందెవరు?"

"ఓడెక్కడవేఁటే?"

"అదే, నాయనమ్మ పెద్దల అమావాస్యకి గోడవతల ముద్ద పెట్టేది కదా, ఓడెక్కినవాళ్ళకని."

ఆయన దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"పిచ్చిదానా, మనవాళ్ళు ఎక్కలేదే. ఎక్కించేరు!"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన తీరిగ్గా చెప్పుకొచ్చాడు. "మా తాత కూలీల ఏజెంట్లకి మనుషుల్ని పోగుచేసి ఇచ్చేవాడు. కరువొచ్చిన ఊళ్ళకెళ్ళి, అదంతా పంచదార దేశం, ఐదేళ్ళు కష్టపడితే జమీందార్లలా తిరిగొస్తారని నమ్మించి, బళ్ళ మీద తోలించి మద్రాసు పంపేవాడు. అక్కణ్ణుంచి ఓడ. నేటాలో, ఇంకోటో. తలకింతని ముట్టేది. మనిల్లు మరలాగే లేచింది."

"మరి ఆ ముద్ద?"

"అది మా తాత పెళ్ళాం, మా నాయనమ్మ పెట్టిన అలవాటు. కూతుర్ని పంపిన ఒకావిడ రోజూ వచ్చి మనరుగు మీద కూచునేదిట, మా పిల్ల ఎప్పుడొస్తాదమ్మా అని. ఏఁవని చెప్తుంది మా నాయనమ్మ? అలా వచ్చి వచ్చి ఆవిడ పోయింది. ఆ ఏడునుంచీ ముద్ద మొదలెట్టింది. మా తాత పెట్టుకుంటే పెట్టుకో గానీ గోడ లోపల కాదన్నాట్ట. మన పెద్దలతో వాళ్ళని కలిపేవేఁటని."

"ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు కదే," అన్నాడాయన. అన్నం చల్లారిపోతోందని ఫోన్ పెట్టేశాడు.

కిచెన్ కిటికీలోంచి ఫెన్స్ పక్క రాయి కనబడుతోంది. ఇన్నేళ్ళుగా నా చేత్తో నేనే ఆ ముద్దను మెట్లు దింపి, విడిగా పెడుతూ వచ్చాను. ముత్తాత గీసిన గీతను కాలిఫోర్నియాలో కూడా దాటలేదు. పైగా దాన్ని భక్తి అనుకున్నాను. దేవుడి గదిలోకి వెళితే ఆ చెంబు నా వైపే చూస్తున్నట్టు ఉంది.

సాయంత్రం అమ్మాయికి చెప్పాను. దానికి పదహారేళ్ళు, మొహమాటం లేని వయసు.

"సో, వి వర్ ద బ్యాడ్ గైస్?"

"నేనేం చేశానే? ఎప్పుడో మా ముత్తాత చేశాడు."

"బట్ అమ్మా, పక్కింటి గ్రాండ్మా కూడా ఏం చెయ్యలేదు కదా. తన గ్రేట్ గ్రాండ్‌ఫాదర్ వాళ్ళు చేశారు. అయినా తను సారీ చెప్పింది. నువ్వు ఓకే అన్నావ్. హౌ కెన్ యూ సే ఓకే?"

మావారు మాత్రం తేల్చేశారు. "పెద్దావిడకి ఇప్పుడు చెప్పి ఏం సాధిస్తావ్? హాయిగా నిద్రపోతోంది. ఏదో ఒక పేరు చెప్పెయ్, ప్రింట్ చేసుకుంటుంది."

ఆయన చెప్పిందాంట్లో మా ఇళ్ళ పద్ధతి ఉంది. పెద్దవాళ్ళకి చేదు కబురు చెప్పం. మనిషి పోయినా సీరియస్‌గా ఉందనే చెబుతాం. ఆ పద్ధతిని అడ్డం పెట్టుకుని నేనూ కొన్నాళ్ళు తప్పించుకు తిరిగాను. ఆంటీ కనబడితే పెదనాన్న ఇంకా దొరకలేదన్నాను. కానీ చెప్పకపోతే ఆవిడకు నిద్ర దక్కుతుంది, నాకు చెంబు దక్కుతుంది, ఫొటోలో ఆ స్తంభం పక్కన నిలబడ్డ మనిషికే మళ్ళీ ఏమీ దక్కదు. క్షమించే హక్కు ఎవరికైనా ఉంటే ఆవిడకుంది. నేను అది కూడా ఆవిడ చేతిలోంచి లాక్కుని, పర్లేదని పంచిపెట్టాను. ఆ ఆలోచన వచ్చాక ఇంట్లో కూర్చోలేకపోయాను.

ప్రింటుకు వెళ్ళే ముందు సరిచూడమని ఆంటీ పేజీలు పంపిన రోజు, చెంబు ఒక టవల్‌లో చుట్టుకుని వెళ్ళాను. ఆవిడ తన ఆఫ్రికా ఎర్ర టీ కాస్తోంది. చెంబు బల్ల మీద పెట్టి, కూర్చోకుండానే చెప్పేశాను. మావాళ్ళు ఓడెక్కినవాళ్ళు కారు, ఎక్కించినవాళ్ళు అని. ముద్ద ఎందుకు మొదలైందో, గోడ అవతలే ఎందుకు పెట్టారో కూడా చెప్పాను.

ఆవిడ స్టవ్ ఆర్పింది. "అంటే, నువ్వు నన్ను క్షమించావే, అది..."

"అది చెల్లదాంటీ. మీ వాళ్ళు తోటకి తెచ్చుకున్నారు, మావాళ్ళు తోలిపెట్టారు. క్షమించడానికి నాకేం హక్కుంది? నన్నే ఎవరైనా క్షమించాలి."

తిడితే బాగుండుననిపించింది. ఆవిడ తిట్టలేదు. బల్లకి అవతల కూర్చుని తన చేతుల వంక చూసుకుంది. ఈ వయసులో ఈవిడ నిద్ర నేనే చెడగొట్టాను అనుకుంటూ నిలబడ్డాను.

"కూర్చో," అంది. "అంత సులువుగా ఎలా అయిపోయిందా అని నాకూ లోపల అనిపిస్తూనే ఉంది. కానీ నిద్ర పడుతోంటే ఎవరు ప్రశ్నలు వేసుకుంటారు?" చెంబు వైపు చూసి, "ఇప్పుడు మనం ఎవరిని అడగాలి?" అంది.

మనం అంది. చల్లారిన టీ తాగాం. వెళ్ళబోతుంటే చెంబు నా వైపు జరిపింది. నేను ఆవిడ వైపు జరిపాను. ఇద్దరం అలా ఒకటి రెండుసార్లు జరుపుకున్నాక ఆవిడకు నవ్వొచ్చింది, నాకు ఏడుపొచ్చింది. ఎవరి దగ్గరా నిలవకూడదని, ఆర్నెల్లు ఆవిడ ఇంట్లో, ఆర్నెల్లు మా ఇంట్లో ఉండాలని ఒప్పందానికి వచ్చాం. పువ్వులు పెట్టకూడదు, దేవుడి గదిలోనూ పెట్టకూడదు. పాట్‌లక్‌లకి వచ్చినవాళ్ళందరికీ అసలు సంగతి చెప్పాలన్నది అమ్మాయి కలిపిన షరతు. చెప్పాను. కొందరు మాట మార్చారు, ఒకరిద్దరు మాత్రం తమ ఇళ్ళ సంగతులు పెద్దవాళ్ళని అడగాలన్నారు.

ఆ తర్వాత ఆవిడ వంశం వెతకడం మానేసి, చెంబు మీది పేరు వెతికాం. నాకు మళ్ళీ ఉద్యోగం వచ్చాక కూడా శనివారాలు కూర్చునేవాళ్ళం. అలాంటి పేరున్నవాళ్ళు చాలామంది దొరికారు. ఈమే ఆమె అని చెప్పడానికి ఆధారం దొరకలేదు. ఆంటీ ఒక్కోసారి ఆశగా "ఈవిడే అనుకుందామా?" అనేది. అనుకోవద్దనేదాన్ని. ఒకసారి అనుకున్నందుకే ఇంత అయింది. పుస్తకంలో చివరి పేజీలో నా గురించి రాసిందంతా తీసేసి, చెంబు ఫొటో వేసి, కింద నా చేత ఆ పేరు తెలుగులో రాయించింది. మొదటి పేజీలో సముద్రం మీద పోయిన చంటిదాని పేరు చేర్చింది.

కొన్నేళ్ళకి ఆవిడకు ఒంటరిగా ఉండటం కష్టమైంది. వృద్ధుల హోమ్‌కి మారే ముందు రోజు చెంబు పట్టుకుని మా తలుపు కొట్టింది.

"ఇది నా వంతు కాదాంటీ, ఇంకా రెండు నెలలుంది," అన్నాను.

"తెలుసు. నాకిక వంతులు లేవు," అని చేతిలో పెట్టి, నా భుజం మీద చెయ్యి వేసింది. "సరిగ్గా నిద్ర పట్టడం లేదు. అదే మంచిదనుకుంటున్నాను," అంది. ఆ చలికాలంలోనే పోయింది.

తర్వాత వచ్చిన పెద్దల అమావాస్యకి అమ్మాయి కాలేజీ నుంచి ఇంటికి వచ్చింది. ముద్దలు చేసి డెక్ మీదకి తెచ్చాను. ఓడెక్కినవాళ్ళ ముద్దను ఈసారి మెట్లు దింపకూడదని, రెయిలింగ్ మీద అందరితో కలిపి పెట్టాలని ముందే అనుకున్నాను. తీరా చెయ్యి అక్కడిదాకా వెళ్ళాక ఆగిపోయింది. మా ముత్తాత పక్కన కూర్చుని తినాలని ఆ చెంబు మీద పేరున్నావిడకి ఎందుకుంటుంది?

మళ్ళీ మెట్లు దిగి రాయి దగ్గరికే వెళ్ళాను. ఆకు వేసి, ముద్ద పెట్టి, ఆమె చెంబులో నీళ్ళు పోసి పక్కన ఉంచాను. మా ఇంట్లో ఇన్నాళ్ళూ ఎవరూ చెయ్యని పని ఒకటి చేశాను. ఓడెక్కినవాళ్ళు అనకుండా, ఇంటిపేరుతో సహా పేరుపెట్టి పిలిచాను. అమ్మాయి నా పక్కనే నిలబడి, తనకొచ్చిన యాసలో ఆ పేరు ఇంకోసారి పలికింది.

క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఎంతైనా మా వైపు మనిషి. పర్లేదమ్మా అనేస్తుందేమోనని భయమేసింది.